పొడుగు పేరువాడి సగం పెళ్లి

నాకు పెళ్లయింది. నా భార్యకు కాలేదు.

ఈ మాట విని మీరు నా గుణాన్ని శంకించకముందే అసలు సంగతి చెప్పేస్తాను. మా ఇద్దరికీ ఒకే పందిట్లో, ఒకే ముహూర్తానికి పెళ్లయింది. తాళి కట్టినవాణ్ణి నేను, కట్టించుకున్నది నీల. తనను ముందు వరసలో కూర్చోబెట్టలేదని మా పెదనాన్న అలిగి వెళ్లిపోవడం కూడా పద్ధతి ప్రకారమే జరిగింది. అన్నిటికీ వీడియో ఉంది. కాని ప్రభుత్వం వీడియోలు చూడదు. వీరలంకపేట వివాహ నమోదు కార్యాలయం కంప్యూటర్లో ఏముందో అదే చూస్తుంది. ఆ కంప్యూటరు ప్రకారం నేను వివాహితుణ్ణి, నీల కుమారి. నాకు ఎవరితో పెళ్లయిందన్న గడి మాత్రం ఖాళీ.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే ముందు నా పేరు తెలియాలి. కాస్త ఊపిరి పీల్చుకోండి. యర్రంశెట్టి వీర వెంకట సత్య సూర్య లక్ష్మీనరసింహ భాస్కర వరప్రసాదరావు. నేను పుట్టినప్పుడు తాతయ్యలిద్దరూ బతికే ఉన్నారు, ఇద్దరూ పట్టుదల మనుషులు. నాయనమ్మకు ఒక మొక్కుంది, అమ్మమ్మకు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. మా మేనమామకు ఏ మొక్కూ లేదు గాని, అందరూ తలో మాటా అంటుంటే తను ఊరుకుంటే బాగుండదని "భాస్కర" అన్నాడు. ఎవర్నీ నొప్పించడం ఇష్టంలేక మా నాన్న అన్నీ పెట్టేశాడు. ఆయన పేరూ ఇంచుమించు ఇంత పొడుగే కాబట్టి ఆయనకది విడ్డూరం అనిపించలేదు. ఊళ్లో అందరూ నన్ను వరం అంటారు. బస్టాండు వెనక మోటారు వైండింగు షాపు నాది.

నీల పూర్తి పేరు గుత్తుల నీల. అంతే. వాళ్లింట్లో అందరూ క్లుప్తంగానే ఉంటారు.

ఆమె మన్యంలో ప్రభుత్వ నర్సు. మా ఊరినుంచి పొద్దున్నే బయల్దేరిన బస్సు కొండల్లో మలుపులన్నీ తిరిగి చీకటిపడే వేళకు అక్కడికి చేరుతుంది. నేనే అక్కడికి పోయి బతుకుదామంటే ఆ ఊళ్లో మోటార్లు లేవు, నీళ్లు కొండమీంచి వాటంతటవే దిగి వస్తాయి. కాబట్టి ఆమే ఇటు రావాలి. భార్యాభర్తలు ఒక్కచోట ఉండటానికి బదిలీల్లో ఒక కోటా ఉంది. దానికి పెళ్లి సర్టిఫికెట్ చూపించాలి. బదిలీల కౌన్సెలింగు ఏడాదికొక్కసారే. అది తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆమె కొండమీద, నేను బస్టాండు వెనక.

అందుకని పెళ్లి పసుపు బట్టలు ఆరకముందే సర్టిఫికెట్ కోసం వెళ్లాం.

మేం వెళ్లేసరికి ఆ కార్యాలయంలో కంప్యూటరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసి కొద్ది రోజులే అయింది. పెద్ద వేడుక చేశారట. మానిటరుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొత్త బండికి చేసినట్టు మౌసు కింద నిమ్మకాయ పెట్టి నలిపారట. నమోదు అధికారి మన్మథరావుగారు, "ఇకపై ఈ కార్యాలయమందు వివాహములు మెరుపు వేగమున నమోదగును" అని ప్రసంగించారట. ఆ సాయంత్రం నుంచే ఇంటర్నెట్టు రావడం, పోవడం మొదలుపెట్టింది.

ఆపరేటరు ఝాన్సీ మా కాగితాలు తీసుకుని నా పేరు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇదంతా మీ ఒక్కరిదేనాండీ?"

"ఆయ్," అన్నాను.

ఆమె జడ వెనక్కి వేసుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. లక్ష్మీనరసింహ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు మూల చిన్న ఎర్ర గుర్తు వెలిగింది. సేవ్ నొక్కితే "మీరు ఇంటర్నెట్టులో లేరు" అంది. నెట్టు మళ్లీ తగిలించి, మొదట్నుంచీ కొట్టింది. ఈసారి భాస్కర దాకా వచ్చాం. మళ్లీ పోయింది. వెనక లైనులో ఉన్నవాళ్లు నావైపు, అన్నదానంలో నాలుగోసారి వడ్డించుకుంటున్నవాణ్ణి చూసినట్టు చూస్తున్నారు.

చివరికి ఝాన్సీ కళ్లు మూసుకుని ఏదో దేవుణ్ణి తలుచుకుంది. ఊపిరి బిగబట్టి, కీబోర్డు మీద వాన కురిసినట్టు కొట్టింది. "వరుడి వివరాలు నమోదయ్యాయి" అని పచ్చగా వచ్చింది. లైనులో ఎవరో చప్పట్లు కొట్టారు. ఝాన్సీ నవ్వి, నొప్పెట్టిన చేతులు ఒక్కసారి విదిలించుకుంది. ఆ విదిలింపులో నెట్టు పోయింది.

మళ్లీ వచ్చేసరికి నేను వివాహితుణ్ణి. నీల కాదు.

"ఏవండీ, మరి నా వివరాలో?" అంది నీల.

"సగంలో ఆగిన పెళ్లి తెరవాలంటే వరుడి పూర్తి పేరూ, వరుడి తండ్రి పూర్తి పేరూ ఒకే పేజీలో కొట్టి సేవ్ చెయ్యాలమ్మా," అంది ఝాన్సీ. మా నాన్న పేరు చూసి ఆమె కీబోర్డు పక్కకు నెట్టింది. "నావల్ల కాదండి బాబూ. అయ్యగారిని కలవండి."

మన్మథరావుగారు ఏసీ గదిలో ఉన్నారు. మర్యాదస్తుడు. కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు, మా కష్టమంతా తల ఊపుతూ విన్నారు. అందరు అధికారుల్లాగా, ఏమయిందో తెలియదని తప్పించుకోలేదు. ఆయనకు అంతా తెలుసు.

"కారణము అతి స్వల్పము," అన్నారు. తన ముందున్న కంప్యూటర్లో ఏవో గడులు తెరిచి మాకు చూపించారు. "చూడండి. విద్యుత్తు ఆదా కొరకు, పనిలేనప్పుడు నెట్టును నిద్రపుచ్చవచ్చును అని ఇక్కడ ఒక టిక్కు ఉన్నది. కొత్త సిస్టమ్ తనంతట తాను పెట్టుకున్నది. పేరు టైపు చేయుచున్నంతసేపు నెట్టుకు పని ఉండదు. ఆపరేటరుకు పని ఉన్నది గాని నెట్టుకు లేదు. అందుచే అది నిద్రించును. పొట్టి పేరైనచో అది నిద్రించు లోపలే సేవ్ అయిపోవును. మీవంటి వారి విషయమున..." అని సానుభూతిగా చేతులు చాచారు.

"అయితే ఆ టిక్కు తీసేస్తే సరిపోద్ది కదండీ," అన్నాను.

"సరిపోవును. సందేహము లేదు."

"మరి తీసెయ్యండి."

ఆయన ఏసీ శబ్దం కాసేపు విని, సొరుగులోంచి ఒక ఉత్తర్వు తీశారు. ఇంధన పొదుపు విభాగంవారిది. కంప్యూటర్లలో విద్యుత్తు ఆదా చేయు టిక్కులను ఎవరూ తాకరాదు, తాకినవారు వ్యక్తిగతంగా బాధ్యులు అని ఉంది.

"ఏసీ మరి?" అంది నీల.

"ఏసీకి టిక్కు లేదు కదమ్మా. అది ఈ ఉత్తర్వు పరిధిలోనికి రాదు," అన్నారు మన్మథరావుగారు. "అయినను నేను చేతులు కట్టుకుని కూర్చొనలేదు. టిక్కు తీయుటకు అనుమతి కోరితిని. ప్రత్యుత్తరము కూడ వచ్చినది. టిక్కు తీసిన పిదప అదనముగా ఎంత విద్యుత్తు ఖర్చగునో, టిక్కు తీయకముందే కొలిచి పంపవలెనట. ఎట్లు కొలువవలెనో అడిగితిని. అది ఇంకను పరిశీలనలో ఉన్నది."

"పోనీ పేరు వేరేచోట కొట్టుకుని, కాపీ చేసి అతికించకూడదాండీ?" అంది నీల.

"అతికించిన పేరును ఒప్పుకోకుండ సాఫ్ట్‌వేరు చేసినారు. వరుని నామము వేలితో ఒక్కొక్క అక్షరముగా కొట్టవలెను. వివాహ పవిత్రత దృష్ట్యా."

మేం లేచి వచ్చేశాం. నీలకు సెలవు అయిపోవచ్చింది. బస్సెక్కుతూ, "కొండ దిగినప్పుడు పెళ్లికూతుర్ని, ఎక్కేటప్పుడు కుమారినా?" అని నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. కిటికీలోంచి మళ్లీ తొంగిచూడలేదు.

తర్వాత వారంలో మన్మథరావుగారు ప్రజల సౌకర్యార్థం ఒక ఆదేశం గోడకు అంటించారు. నెట్టు నిలుచు కాలమును దృష్టిలో ఉంచుకొని, ఇకపై వధూవరుల పేర్లు కలిపి ఒక జానెడు మించరాదు. మించినవారు తమ పేర్లు తగ్గించుకొని రావలెను లేదా నెట్టు బలపడువరకు బ్రహ్మచర్యము పాటించవలెను.

జానెడు కొలిచే బాధ్యత అటెండరు అప్పలకొండకు వచ్చింది. అతనిది తాటాకంత చెయ్యి. మొదటి రోజు చాలా పేర్లు అతని జానలో ఇమిడిపోయి, లోపల నెట్టు పోయి, పెళ్లిళ్లు సగంలో ఆగాయి. అప్పుడు కార్యాలయ ప్రామాణిక జాన అని ఒక చెక్క కోయించి, రెండు చివర్లా ఎర్ర రంగు వేసి, తాడుతో కిటికీకి కట్టారు. జనం తెలివిమీరి పేర్లు చీమల్లా రాసుకొచ్చారు. అందుకని పేర్లన్నీ అప్పలకొండే రాయాలన్నారు. అతను ఒక్కొక్క అక్షరం గాజంత రాస్తాడు. ఆ చేతిరాతలో సున్నా పెడితే చాలు, పావు జాన పోయేది.

"ఏటి సేత్తాం బాబూ," అనేవాడు నాతో, చెక్క పేరుకు ఆనించి. "నిన్నొకాయన ఏడిసీసినాడు. ఇంటిపేరు ఒగ్గీమంటే మా తాతలు ఊరుకోరంటాడు. ఆ తాతలు ఎప్పుడో పోనారు. పోనోళ్లకి నెట్టు సంగతి తెల్దు కదా."

వీరలంకపేటలో సంబంధాలు చూసే పద్ధతే మారిపోయింది. పెళ్లిళ్ల పేరయ్యలు జాతకం కంటే ముందు చెక్క అడుగుతున్నారు. నారాయణమూర్తి అనే ఇంజనీరు సంబంధం వదులుకుని, "అబ్బాయి చదువు కొంచెం తక్కువే గాని పేరు మూడక్షరాలే" అని ఒకాయన గర్వంగా చెప్పుకోవడం నేను టీకొట్టు దగ్గర విన్నాను. ఆధార్ కార్డులో కూడా బుజ్జి అని ఉన్న దొమ్మేటి బుజ్జికి పట్టిన రాజయోగం చెప్పనక్కర్లేదు. పేకాట తప్ప పని చేయనివాడు. జుట్టు నెరుస్తున్నా పిల్లనిచ్చినవాడు లేడు. ఇప్పుడతను ఇంటి అరుగుమీద కాలుమీద కాలేసుకుని వచ్చిన సంబంధాలు వింటున్నాడు. కట్నాల ఊసు లేదు గాని, అమ్మాయి ఇంటిపేరు ఒక్క అక్షరం దాటితే లేచి లోపలికి వెళ్లిపోతున్నాడు.

నెలాఖరుకు నీల మళ్లీ కొండ దిగింది. కౌన్సెలింగు దగ్గరపడింది. ఇద్దరం మన్మథరావుగారి గదిలోకి వెళ్లి కూర్చున్నాం. ఆయన ఈసారి మా కోసం ప్రత్యేకంగా ఆలోచించి పెట్టానన్నారు.

"మీకు మూడు మార్గములు కలవు," అన్నారు. "మొదటిది. సగము నమోదును రద్దు చేయించుకొని మరల మొదటినుండి రావచ్చును. రద్దుకు భార్యనుండి విడాకుల తీర్పు జతపరచవలెను."

"నేనిస్తానండీ విడాకులు," అంది నీల వెంటనే. తర్వాత నావైపు తిరిగి, "కాగితం మీదేనండీ" అంది.

"నీవెట్లు ఇత్తువమ్మా? నీవు అవివాహితవు. ఆయన భార్య గడి ఖాళీ. ఆ ఖాళీ వచ్చి సంతకము చేయవలెను."

మేమిద్దరం ఆ ఖాళీ గురించి కాసేపు ఆలోచించాం. మాకు పరిచయస్తుల్లో అలాంటివాళ్లెవరూ లేరు.

"రెండవది. ఈయన పేరు మార్చుకొనవచ్చును. వరం అని. జానెడులో సగము కూడ పట్టదు. కొత్త మనిషిగా వచ్చి ఈమెను నిక్షేపముగా వివాహమాడవచ్చును."

"ఇదేదో బాగుందండీ," అన్నాను.

"బాగున్నది. అయితే పాత పేరుతో మీకు ఇదివరకే వివాహమైనది గనుక రెండవ వివాహ నేరము క్రింద మిమ్ములను అరెస్టు చేయు అవకాశము కలదు. కాని అది వేరే శాఖ. మాకు సంబంధము లేదు."

"మూడోది చెప్పండి," అంది నీల. ఆమె గొంతు అప్పటికే మారింది.

మన్మథరావుగారు కొంచెం ఇబ్బందిగా కదిలారు. కిటికీలోంచి వరండాలోకి చూశారు. అక్కడ బెంచీమీద దొమ్మేటి బుజ్జి, ముందుగానే పేరు కొలిపించుకుందామని వచ్చి, వక్కపొడి నములుతూ కూర్చున్నాడు.

"మూడవది నేను సలహాగా చెప్పుట లేదు. నిబంధనల స్థితి మాత్రమే తెలుపుచున్నాను. అమ్మాయి పేరు అర్హమైనది. అనర్హత అంతయు వరుని వైపే ఉన్నది. గుత్తుల నీల, దొమ్మేటి బుజ్జి. రెండును కలిపిననూ చెక్కలో ఇంకను అంగుళము మిగులును. ఈ పూటకే సర్టిఫికెట్ ఇవ్వగలను. బదిలీ కూడ వచ్చును."

నీల లేచి నిలబడింది. ఆమెకు కోపం వస్తే అరవదు. అవతలివాళ్ల బీపీ చూస్తున్నట్టు ఉంటుంది ముఖం.

"నాకు పెళ్లయిందండి. ఈయనతో అయింది. మీ చెక్కకి తెలీకపోతే దాని ఖర్మ," అని బయటికి నడిచింది.

వరండాలో బుజ్జి లేచి, "నమస్తే అండి" అన్నాడు మర్యాదగా. నేను అతనికి ఏ సమాధానం ఇచ్చానో ఇక్కడ రాయను.

ఆ మధ్యాహ్నం కార్యాలయం ఎదురుగా సోడాబండి దగ్గర నిలబడ్డాం. నాకేమీ తోచలేదు. ఏళ్ల తరబడి కాలిపోయిన మోటార్లు విప్పి బాగుచేసినవాణ్ణి, నా పెళ్లి మాత్రం బాగుచేసుకోలేకపోతున్నాను. "పోనీ ఈ ఏడాదికి వదిలేద్దాం నీలా," అన్నాను. "నెలకోసారి నేనే వస్తాను."

ఆమె సోడా తాగలేదు. సీసాలో గోళీని వేలితో ఆడిస్తూ ఉండిపోయింది. ఆ కొండమీద సాయంత్రమయ్యాక తలుపు వేసుకుంటే మాట్లాడేందుకు మనిషి ఉండడని ఆమె నాకు ఎప్పుడో ఒకసారి చెప్పింది. ఫిర్యాదుగా చెప్పలేదు, వాన పడింది అన్నట్టు చెప్పింది. అది గుర్తొచ్చి నేనన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

"ఏవండీ," అంది ఉన్నట్టుండి. "పాము కరిచి వచ్చినోళ్లని మేం నిద్రపోనివ్వం. మందు ఎక్కేదాకా ఏదోటి మాట్టాడిస్తానే ఉంటాం. మీ ఊరేంటి, మీ గేదెలెన్ని, అని. పేషెంటుకి పని చెబితే నిద్రపోడు."

"అయితే?"

"ఆ నెట్టుకి పనిలేకే కదా నిద్రపోతంది? ఝాన్సీగారు మీ పేరు కొడతన్నంతసేపూ దానికి వేరే పనేదోటి చెబితే? ఓ పాట పెట్టిస్తే? పాట నెట్టులోంచి వస్తానే ఉంటది కదా."

నేను ఆమెను అక్కడే ముద్దు పెట్టుకునేవాణ్ణి. కాని రికార్డుల ప్రకారం పరాయి ఆడపిల్ల.

మన్మథరావుగారు మొత్తం విన్నారు. ఆ ఆలోచనలో సాంకేతికంగా లోపమేమీ లేదని ఒప్పుకున్నారు.

"టిక్కును తాకుట లేదు. టిక్కు యథాతథముగా ఉన్నది. నెట్టు తనంతట తాను మేలుకొని ఉన్నది. ఆ మేరకు ఉల్లంఘన లేదు," అని వేళ్లు మడుచుకున్నారు. "కాని కార్యాలయ కంప్యూటర్లలో పాటలు నిషిద్ధము. వినోదము క్రిందికి వచ్చును."

"పెళ్లిలో సన్నాయి వినోదం ఎలాగవుద్దండీ?" అంది నీల. "సన్నాయి లేకుండా తాళి కడతారా ఎక్కడైనా?"

మన్మథరావుగారి కళ్లలో నేను మొదటిసారి వెలుగు చూశాను. ఆయన పెన్ను తీశారు. వివాహ నమోదు సమయమున వాద్యము వినోదమా లేక విధిలో భాగమా తెలుపగోరుచు నమోదు అధికారికి ఒక లేఖ రాశారు. నమోదు అధికారి ఆయనే గనుక కుర్చీ కొంచెం ఇటు జరిపి ఆ లేఖ అందుకున్నారు. చదివారు. వాద్యము విధిలో భాగమేనని తీర్మానించి సంతకం చేశారు. కుర్చీ మళ్లీ అటు జరిపి, ఆ ప్రత్యుత్తరం అందినందుకు సంతోషించారు.

పేర్లు కొట్టి కొట్టి ఝాన్సీ కుడి మణికట్టుకు కట్టు పడింది. అయినా సిద్ధమే అంది. ఎక్కడినుంచో స్పీకర్లు తెచ్చారు. నెట్టులో సన్నాయి కచేరీ ఒకటి పెట్టారు. లైనులో ఉన్నవాళ్లంతా కౌంటరు చుట్టూ మూగారు. అప్పలకొండ ప్రామాణిక జానను గౌరవంగా పక్కకు తీసి గోడకు ఆనించాడు.

సన్నాయి మొదలైంది. ఝాన్సీ ఇంటిపేరు కొట్టింది. నింపాదిగా, ఒక్కొక్క అక్షరం. వీర. వెంకట. తెరమూల ఎర్ర గుర్తు రాలేదు. సత్య. సూర్య. లక్ష్మీనరసింహ దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారు. దాటాం. భాస్కర దాటినప్పుడు నీల నా చెయ్యి పట్టుకుంది.

మా పెళ్లిలో నాకేమీ అనిపించలేదని ఇప్పుడు చెబితే తప్పేం లేదు. పొగ కళ్లలోకి వచ్చింది, వీడియో అతను తాళి రెండోసారి కట్టినట్టు నటించమన్నాడు, పంచె జారుతుందేమోనన్న భయంతోనే ముహూర్తం గడిచిపోయింది. ఇక్కడ అలా లేదు. నా పేరులో ఒక్కొక్క ముక్కా తెరమీద పడుతుంటే నీల పెదాలు దాన్ని మెల్లగా పలుకుతున్నాయి. అంత పొడుగు పేరుని పూర్తిగా, విసుక్కోకుండా పలికిన మనిషి నాకు అంతవరకు తారసపడలేదు.

మా నాన్న పేరు మధ్యలో ఉండగా సన్నాయి ఆగి, గచ్చు తుడిచే ఫినాయిల్ ప్రకటన మొదలైంది. ఝాన్సీ వేళ్లు గాల్లో ఆగాయి.

"ప్రకటన విధిలో భాగమగునా?" అన్నారు మన్మథరావుగారు కలవరంగా.

"కొట్టమ్మా కొట్టు, అదీ నెట్టులోంచే వస్తంది!" అని అరిచింది నీల.

ఫినాయిల్ సాక్షిగా మా నాన్న పేరు పూర్తయింది. సేవ్ నొక్కగానే సగంలో ఆగిన పేజీ తెరుచుకుంది. గుత్తుల నీల అన్న రెండు ముక్కలూ కొట్టి సేవ్ నొక్కే వేళకు మళ్లీ సన్నాయి అందుకుంది, డోలు కూడా కలిసింది. అప్పలకొండ ఎక్కడినుంచి తెచ్చాడో గుప్పెడు బియ్యం మా మీద చల్లాడు. కొన్ని కీబోర్డులో పడ్డాయి. "వధూవరుల వివాహం నమోదయింది" అని పచ్చగా వెలిగింది. వరండాలోంచి బుజ్జి కూడా చప్పట్లు కొట్టాడు. మంచివాడే పాపం.

సర్టిఫికెట్ చేతికిస్తూ మన్మథరావుగారు పరవశంగా ఉన్నారు. అన్ని కార్యాలయాల్లోనూ సన్నాయి తప్పనిసరి చేయమని ఆ పూటే పైవారికి ప్రతిపాదన పంపుతానన్నారు. మరణాలు నమోదు చేసే కార్యాలయంవారు కూడా ఇదే అవస్థ పడుతున్నారనీ, వారికి ఏ వాద్యం సముచితమో ఆలోచిస్తాననీ అన్నారు.

"చివరగా ఒక్కటే. సేవలపై మీ అభిప్రాయము నమోదు చేయవలెను," అంటూ కంప్యూటరు నీల వైపు తిప్పారు. "ఇది ఐచ్ఛికము. కాని తప్పనిసరి."

నీల కుర్చీ లాక్కుని కూర్చుంది. టైపు చేయడం మొదలుపెట్టింది. టిక్కు, జానెడు చెక్క, ఖాళీ గడితో విడాకులు, బెంచీమీది బుజ్జి. అన్నీ రాసింది. నేను వెనకనుంచి చదువుతున్నాను. ఆమె అంత పెద్దగా రాయగలదని నాకు తెలియదు. రాసి, సేవ్ నొక్కింది.

"మీరు ఇంటర్నెట్టులో లేరు" అని వచ్చింది. రాసిందంతా పోయింది.

మన్మథరావుగారు ప్రశాంతంగా నవ్వారు. "కొత్త సిస్టమ్ వచ్చినది మొదలు మా కార్యాలయమునకు ఒక్క ఫిర్యాదైనను నమోదు కాలేదమ్మా. బాగుంది, సూపరు, థాంక్స్ అనునవే వచ్చుచున్నవి. ఉత్తమ కార్యాలయముగా మా పేరు పరిశీలనలో ఉన్నది."

"సన్నాయి మళ్లీ పెట్టండి," అంది నీల.

"సన్నాయి వివాహమునకు మాత్రమే. ఫిర్యాదునకు వాద్యము నిబంధనలలో లేదు."

నీల ఆయన్ని చూసింది. బీపీ చూసే చూపు. నెట్టు మళ్లీ తగిలించింది. ఈసారి ఆలోచించలేదు. ఒకే ఒక్క అక్షరం కొట్టి, సేవ్ నొక్కింది.

"ఛీ."

"మీ అమూల్యమైన అభిప్రాయం నమోదయింది. ధన్యవాదాలు" అని పచ్చగా వచ్చింది.

మన్మథరావుగారి నవ్వు పోయింది. "ఝాన్సీ! తక్షణము తొలగించుము!"

ఝాన్సీ కట్టు ఉన్న చేత్తోనే అటూ ఇటూ నొక్కి చూసింది. తర్వాత మాకు మాత్రమే కనిపించేలా పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

"తొలగించొచ్చండీ అయ్యగారూ. కాకపోతే ఎందుకు తొలగిస్తున్నారో కారణం వివరంగా టైపు చెయ్యాలంటండి."

మేం బయటికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని కారణం టైపు చేస్తున్నారు. ఆయన క్లుప్తంగా రాయలేని మనిషి.

నీలకు బదిలీ వచ్చింది. మా ఊరి ఆసుపత్రికే. ఆమె ట్రంకుపెట్టె, రెండు బ్యాగులు, మందార మొక్కల కుండీ కొండ దిగి మా ఇంటికి వచ్చిన రోజునే పై కార్యాలయం నుంచి ఒక లేఖ కూడా వచ్చింది. సదరు "ఛీ" ఫిర్యాదా, సలహానా, లేక పొరపాటున తగిలిన మీటా అన్న విషయమై విచారణ చేపట్టామనీ, ఆమె తన ఉద్దేశాన్ని విపులంగా, ఆన్‌లైన్‌లో తెలియజేయాలనీ అందులో ఉంది. చదివి వినిపించాను.

"తీరిక దొరికినప్పుడు చూద్దాంలెండి," అంది నీల. "ముందా పెట్టె అటు చివర పట్టుకోండి."

పట్టుకున్నాను.